పద్దెనిమిది అడుగుల ఆదెమ్మ

ఆదెమ్మకు పందొమ్మిదేళ్ళని ప్రభుత్వం తేల్చిన రోజుకి ఆమె వయసు డెబ్బై రెండు. పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆ కొలతలో మోసమేమీ జరగలేదు. ఎవరి పని వాళ్ళు నిజాయితీగానే చేశారు.

మాది మిర్చి ఊరు. ఊరి చివర శీతల గిడ్డంగి, దాని ముందు రేకుల షెడ్డు, షెడ్డు కింద ఎర్రటి గుట్టలు. మిరపకాయలకు తొడిమలు తీయడం మా పని. నేనూ ఆదెమ్మక్కా ఒకే గుట్ట దగ్గర కూర్చుంటాం. ఇద్దరికీ భర్తలు లేరు. ఆమెకు నలభై ఏళ్ళుగా లేడు, నాకు పదిహేనేళ్ళుగా. ఆమె ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో పొర వచ్చి, పాలు ఒలకబోసినట్టు తెల్లగా ఉండేది. ఎదురుగా మనిషి నిలబడితే నీడలాగా ఆనేవాడు, రెండడుగులు జరిగితే అదీ లేదు. కాయను వేళ్ళతో తడిమి తొడిమ తీసేది. ఆమె తీసిన కాయల్లో తొడిమలు మిగిలిపోతున్నాయని మేస్త్రీ గొణుగుతుంటే, అతను అటు తిరిగినప్పుడు నేను ఆమె బుట్టలో చెయ్యి పెట్టి సరిచేసేదాన్ని.

చూపు తగ్గినకొద్దీ ఆమెకు లోకం మీద మంచి అభిప్రాయం పెరిగింది.

"కాలం మారిందే మస్తానమ్మా," అనేది పొద్దున్నే షెడ్డుకు నడిచేటప్పుడు. "ఇదివరకు నేను ఎదురొస్తే జనం ఎట్టా చేసేవాళ్ళు? చెప్పులు చేతబట్టుకుని సందుల్లోకి దూరేవాళ్ళు. కొంతమంది ఇంటికి పొయ్యి కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరేవాళ్ళు. ఇప్పుడు చూడు, ఒక్కడన్నా తప్పుకున్నాడా?"

"లేదక్కా," అనేదాన్ని.

ఆ మాట అనేటప్పుడు రోడ్డుకు అవతల సైకిలు మీద వచ్చే మనిషి దిగి, గోడవైపు తిరిగి, గోడ మీద ఏదో గొప్ప సంగతి రాసి ఉన్నట్టు చదువుతూ ఉండేవాడు. ఆ గోడ మీద ఏమీ ఉండదు. అప్పటికి నాకు ఒత్తులతో సహా చదవడం వచ్చు కాబట్టి ఖాయంగా చెప్పగలను.

ఇలా ఉండగా మా ఊరికి శక్తి వలయాల పథకం వచ్చింది.

పథకాన్ని తెచ్చినవారు మండల ప్రాణశక్తి అధికారి శ్రీ పరాంకుశరావుగారు. షెడ్డులో మమ్మల్నందరినీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చారు. మిరప ఘాటుకు మధ్యమధ్య తుమ్ముతూ ఇచ్చారు.

"మానవుడంటే కేవలం దేహం కాదు. దేహం చుట్టూ అదృశ్యమైన ఒక శక్తి వలయం ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఏ ప్రభుత్వమూ దీన్ని పట్టించుకోలేదు. ఇకమీదట పట్టించుకోబడుతుంది. శిశువుల్లో ఈ వలయం మిక్కిలి విశాలం. యవ్వనంలో ఒక మోస్తరు. వార్ధక్యంలో కుంచించుకుపోతుంది. వయోవర్గాల వారీగా దీన్ని సమగ్రంగా కొలిచి, తదనుగుణంగా సంక్షేమాన్ని పునర్వ్యవస్థీకరించడమే మన లక్ష్యం."

"ముందు కాలవలో పూడిక తీయించండి సారూ," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"కాలవకు వలయం ఉండదు," అన్నారు పరాంకుశరావుగారు.

పెద్ద బోర్డు ఒకటి కట్టారు. నేనే ఆదెమ్మక్కకు చదివి వినిపించాను. వలయం ముప్పై అడుగులుంటే పురిటి బిడ్డ. పద్దెనిమిదయితే పందొమ్మిదేళ్ళు. ఎనిమిదయితే నలభై. రెండయితే డెబ్బై. జానెడే ఉంటే తొంభై.

"జానెడు కూడా లేకపోతే?" అంది ఆదెమ్మక్క.

"ఆ సంగతి రాయలేదక్కా."

"రాయక్కర్లేదులే. మోసుకెళ్ళేవాళ్ళకి తెలుస్తది."

కొలిచే పనికి పోలయ్య అనే మనిషిని పక్క మండలం నుంచి తెచ్చారు. మా ఊరివాడయితే తెలిసినవాళ్ళ వైపు మొగ్గుతాడని. అంతకుముందు అతను బోర్లు వేసేవాళ్ళకు నేలలో నీళ్ళు ఎక్కడున్నాయో చూసిపెట్టేవాడు. వంచిన రెండు రాగి కడ్డీలు రెండు చేతుల్లో పట్టుకుని నడుస్తాడు. నీళ్ళున్నచోట కడ్డీలు విచ్చుకుంటాయి. ఇప్పుడు అవే కడ్డీలను ప్రభుత్వం ద్విశలాకా యంత్రం అంది. సుద్దతో గీత గీసి, ఆ గీత దగ్గర నుంచి పోలయ్య మనిషికి ఎదురుగా నడిచి వస్తాడు. కడ్డీలు విచ్చుకున్నచోట ఆగుతాడు. అక్కడి నుంచి మనిషి దాకా గుమాస్తా టేపు పట్టి కొలుస్తాడు. ఆ దూరమే వలయం.

ముందు చంటిపిల్లలను కొలిచారు. పోలయ్యకు పిల్లలంటే ప్రాణం. తల్లి చంకలో బిడ్డ బోసినోటితో నవ్వగానే ఇతనూ నవ్వుకుంటూ వెళ్ళి, బుగ్గ గిల్లేంత దగ్గరకు పోయేదాకా కడ్డీల సంగతే మరిచిపోయేవాడు. ఊళ్ళో పిల్లలందరికీ జానెడు, జానెడున్నర వచ్చింది. తర్వాత హెడ్ కానిస్టేబులును కొలిచారు. పోలయ్య పదహారు అడుగుల దూరంలోనే ఆగిపోయి నమస్కారం పెట్టాడు. కడ్డీలు కూడా విచ్చుకున్నాయి. హెడ్డుగారికి పాతికేళ్ళు కూడా రాలేదు. ఆయన మీసం దువ్వుకుని, కాగితం ఇంట్లో చూపించాలి, ఇవ్వమన్నారు. పరాంకుశరావుగారి దగ్గర పోలయ్య ఎనిమిది అడుగుల్లో వినయంగా నిలబడ్డాడు. నలభై. అది సరిగ్గా ఆయన వయసే కావడంతో యంత్రం మీద అందరికీ నమ్మకం కుదిరింది. అదే సమయానికి పోలయ్య భార్య అన్నం క్యారియరు తీసుకుని వచ్చి, "పొద్దున ఇంట్లో పంచదార డబ్బా ఎవరు బోర్లేశారు?" అని అడిగింది. పోలయ్య కడ్డీలు పట్టుకున్న చోటనే ఆగాడు. ఇరవై తొమ్మిది అడుగులు. పక్కనే ఉన్న నర్సమ్మ ఆమెకు పోలియో చుక్కలు వేసింది.

తర్వాత మా వంతు వచ్చింది.

ఆదెమ్మక్క గీతకు ఎదురుగా నిలబడింది. పోలయ్య తల ఎత్తి చూశాడు. బొట్టు లేని నుదురు, గాజులు లేని చేతులు. పని మీద బయలుదేరి నడిచేవాడికి అలాంటి ఆడది ఎదురు వస్తే ఏం చేస్తాడో అతనూ అదే చేశాడు. అతను మా ఊరివాడు కాదు గాని, ఆ అలవాటు ఏ ఊళ్ళోనైనా ఒక్కటే. రెండడుగులు వేశాడు. చూపు పక్కకు తిప్పుకున్నాడు. కాళ్ళు ఆగాయి. కాళ్ళు ఆగితే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, ఒళ్ళు వాలితే మణికట్లు తిరుగుతాయి. కడ్డీలు బార్లా విచ్చుకున్నాయి. అతను కావాలని చేశాడని అనను. కావాలని చేసే పనయితే ఎప్పుడో ఒకప్పుడు మానేసేవాళ్ళు.

"పద్దెనిమిది!" అన్నాడు గుమాస్తా.

"పందొమ్మిదేళ్ళు," అన్నారు పరాంకుశరావుగారు.

నాకు పదిహేడున్నర వచ్చింది. ఇరవై ఏళ్ళు. నా వెనక నిలబడిన బసివమ్మకూ అంతే, ఆ వెనక ఖాదర్‌బీకీ అంతే. భర్త ఉన్న ముసలమ్మలకు మాత్రం ఒకటిన్నర, రెండు. పోలయ్య వాళ్ళ దగ్గరదాకా వచ్చి, "బాగుండావా అత్తా," అని పలకరించి మరీ కొలిచాడు.

సాయంత్రానికి కాగితాలన్నీ చూసి పరాంకుశరావుగారు నిట్టూర్చారు. "సిద్ధాంతం ప్రకారం శిశువులకు విశాల వలయం ఉండాలి. ఇక్కడ తల్లకిందులుగా ఉంది. సిద్ధాంతం రాజధాని నుంచి వచ్చింది. అది తప్పడానికి వీల్లేదు. కనుక ఈ ఊళ్ళో వయసులే తప్పు. తరతరాలుగా వయసులు తప్పుగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఇవాళ్టితో ఆ అజ్ఞానం పోయింది."

ఆ రోజు నుంచి ఎవరి వలయం ఎంతో వారి వయసు అంత. అదే చట్టం.

మొదట్లో బాగానే ఉంది. ఆదెమ్మక్క షెడ్డులో కుర్రపిల్లలతో, "ఏమే, నేను మీకంటే చిన్నదాన్ని. అక్కా అని పిలవాల్సింది నేను," అని నవ్వించేది. వృద్ధుల దినానికి ఊళ్ళోని పెద్దలను సన్మానించారు. పెద్దలంటే జానెడు వలయం వాళ్ళు. పదకొండు నెలల బుడ్డోడికి శాలువా కప్పి, చేతికర్ర ఇచ్చారు. కర్రను వాడు నోట్లో పెట్టుకున్నాడు. ఉపన్యాసాలు సాగినంతసేపూ నిద్రపోయాడు. పోయిన ఏడు సన్మానం పొందినవాళ్ళూ అలాగే చేశారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

తర్వాత కంటి శిబిరం వచ్చింది.

ఏడాదికి ఒకసారి పట్నం నుంచి డాక్టర్లు వచ్చి సత్రంలో దిగుతారు. ముసలివాళ్ళకు పొరలు తీసి, చూపు వచ్చాక ఇంటికి పంపుతారు. ఆదెమ్మక్క ఏడాదంతా ఆ రోజుకే ఎదురుచూసింది. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నది, నెమ్మదస్తురాలు. టార్చి వేసి కంట్లోకి చాలాసేపు చూసింది.

"బాగా ముదిరిపోయింది అవ్వా. ఇంకో ఏడాది ఆగితే లోపలే పగులుతుంది. అప్పుడు నేను కాదు కదా, ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇప్పుడే తీసేద్దాం."

"తియ్యి తల్లా. నీ చేతులు చల్లగుండ."

డాక్టరమ్మ కంప్యూటరులో పేరు కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆదెమ్మక్క మొహం వంక చూసింది, తెర వంక చూసింది.

"ఇందులో పందొమ్మిదేళ్ళని ఉంది."

"అది సర్కారు వయసు తల్లా. నాది కాదు."

"ఇది వృద్ధుల శిబిరం. పందొమ్మిదేళ్ళ మనిషి పేరు కొడితే తీసుకోవటం లేదు, తిప్పికొడుతోంది. నాకు కన్ను కనపడుతోంది అవ్వా, దానికి కనపడటం లేదు. శిబిరం ఈ నెలాఖరుదాకా ఉంటుంది. ఈలోపు వయసు సరిచేయించుకుని రా. ఏ రోజు తెచ్చినా ఆ రోజే చేస్తాను."

బయటకు వస్తుంటే వరండాలో తల్లులు పిల్లలను ఎత్తుకుని వరసగా కూర్చుని ఉన్నారు. వృద్ధుల కోటా వాళ్ళది. ఒక్కొక్క బిడ్డకూ కళ్ళజోడు పెట్టి చూస్తున్నారు. వాళ్ళు వాటిని లాగి అవతల పారేస్తున్నారు.

అటునుంచి అటే పరాంకుశరావుగారి ఆఫీసుకు వెళ్ళాం.

"చూడమ్మా," అన్నారాయన. "పందొమ్మిదేళ్ళ యువతికి వృద్ధుల కోటాలో శస్త్రచికిత్స చేయిస్తే, నిజమైన వృద్ధులకు అన్యాయం జరగదా?"

"నిజమైన వృద్ధులు సత్రంలో పాలకి ఏడుస్తన్నారయ్యా," అంది ఆదెమ్మక్క. "నాకు మనవడి బిడ్డ కూడా పుట్టాడు. పందొమ్మిదేళ్ళకి ముమ్మనవడు ఎట్టా పుడతాడు సారూ?"

"అసాధారణ ప్రాణశక్తి." ఆయన కళ్ళు మెరిశాయి. "అసలు ఆ విషయమే నేను గమనిస్తున్నాను. ఈ మండలంలో అత్యంత విశాలమైన వలయాలన్నీ ఒకే వర్గంలో ఉన్నాయి. వితంతువుల్లో! ఒక్కరు కూడా పదిహేడు అడుగులకు తగ్గలేదు. ఇంతటి శక్తి మిరపకాయల షెడ్డులో వృథా అవుతోంది. మా సిబ్బంది చూడబోతే నీరసంగా పదకొండింటికి వస్తారు. ఈ శక్తిని ఆ సిబ్బందికి ప్రసరింపజేస్తే?"

అలా పుట్టింది శక్తి ద్వార పథకం. ప్రతి ప్రభుత్వ కార్యాలయం ముఖద్వారం దగ్గర, ఆఫీసు తెరిచే వేళకు ఇద్దరు వితంతువులు నిలబడాలి. లోపలికి వచ్చే ప్రతి ఉద్యోగీ వారికి ఎదురుగా నడిచి, వారి వలయంలోంచి దాటి, శక్తిని నింపుకుని పని ప్రారంభించాలి.

"ద్వార సేవ చేసినవారి విజ్ఞప్తులను మాత్రమే సానుభూతితో పరిశీలిస్తాం," అన్నారాయన. "ఇరవై రోజులు చేయండి. తర్వాత మళ్ళీ కొలిపిస్తాను."

ఆదెమ్మక్కా నేనూ మర్నాడే గేటు దగ్గర నిలబడ్డాం.

పది అయింది. దూరంగా గుమాస్తా వస్తూ కనిపించాడు. మమ్మల్ని చూసి చెప్పు తెగినట్టు వంగాడు. వంగినవాడు వంగినట్టే పక్క సందులోకి పోయాడు. ఆ వెనక వచ్చిన ఇంజనీరు ఫోను మోగకుండానే చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి తిరిగాడు. టైపిస్టు ఒక నిమిషం నిలబడి, దేవుడి దగ్గర దీపం ఆర్పలేదని గట్టిగా గుర్తు చేసుకుని ఇంటికి పోయింది. అరగంటకు ఆఫీసు వెనక ప్రహరీ దగ్గర దబ్బుమని చప్పుడయింది.

"అదేందే చప్పుడు?" అంది ఆదెమ్మక్క.

"కొబ్బరికాయ రాలింది అక్కా."

దబ్బు.

"ఇంకోటి."

"కాపు బాగా పట్టినట్టుందే. మరి ఉద్యోగస్తులేరి? ఒక్కరూ రావటం లేదు?"

"సెలవేమో."

"సెలవా? ఇవాళ పండగేం లేదుగా."

"సర్కారు ఆఫీసు గదక్కా."

ఆ మాటకు ఆమెకు వెంటనే నమ్మకం కలిగింది.

రోజూ సరిగ్గా అదే వేళకు కొబ్బరికాయలు రాలేవి. ఒక రోజు ఒక కాయ "అమ్మో నా నడుం!" అని అరిచింది. ఆ రోజు మాత్రం ఆదెమ్మక్క నా వైపు మొహం తిప్పింది. తర్వాత, "కాయలు దింపేవాడు పడ్డట్టున్నాడు పాపం," అంది. నేను అవునన్నాను.

నడుం పట్టేసిన గుమాస్తా సంగతి తెలిసి పరాంకుశరావుగారు మండిపడ్డారు. గోడ దూకడం శక్తి వ్యతిరేక చర్య అని తాఖీదు ఇచ్చారు. మర్నాడు సిబ్బందికి ఆదర్శంగా ఉండటానికి తనే ముఖద్వారం గుండా వస్తానన్నారు. జీపు గేటుకు కాస్త దూరంగా ఆగింది. ఆయన దిగారు. మమ్మల్ని చూశారు. ఆయనకు ఆ రోజు జిల్లాలో ముఖ్యమైన సమావేశం ఉంది. కాసేపు ఆకాశం వంక చూశారు. ఆ తర్వాత మా వైపుకు వీపు తిప్పి, వెనక్కి వెనక్కి నడుస్తూ గేటు దాటి లోపలికి పోయారు.

"శక్తిని ముఖతః గ్రహించడం కంటే," అన్నారు లోపలి నుంచి, "వెన్నెముక ద్వారా గ్రహించడం శ్రేష్ఠం."

అది తాఖీదుగా వచ్చింది. అప్పటినుంచి మండల ఆఫీసు సిబ్బంది అంతా రోజూ పది గంటలకు వెనక్కి నడుస్తూ ఆఫీసుకు వచ్చేవారు. ఒకరి మీద ఒకరు పడేవారు. పనుల మీద వచ్చిన రైతులు ఇదేదో కొత్త పద్ధతని వాళ్ళూ వెనక్కి నడిచేవాళ్ళు.

ఆదెమ్మక్కకు అడుగుల చప్పుడు వినిపించింది. మొహం విప్పారింది.

"వస్తన్నారే మస్తానమ్మా! నా పక్క నుంచే పోతన్నారు! నేను చెప్పలా, కాలం మారిందని?" అని, దగ్గరయ్యే ప్రతి అడుగు వైపూ తిరిగి, "బాగుండారా నాయనా? పిల్లలు బాగుండారా?" అని అడిగేది.

వీపులు బాగున్నామని చెప్పేవి.

ఇరవై రోజులు గడిచాయి. మళ్ళీ కొలిచే రోజు, శిబిరం ఎత్తేసే రోజు పక్కపక్కనే పడ్డాయి. పొద్దున కొలిస్తే, మర్నాడు కంటికి కత్తి. ఈసారి కూడా పద్దెనిమిదే వస్తే ఇక అంతే. ఆ నుదురు చూసినంతకాలం పోలయ్య కాళ్ళు గీత దగ్గరే ఆగుతాయని నాకు తెలుసు. అతను మా ఊరివాడు కాదు, ఆదెమ్మక్కను ఎవరని గుర్తుపట్టడు. అంతకుముందు కొలిచినప్పుడు ఆమె మొహం సరిగా చూడనే లేదు. ఆ తర్వాత ఆఫీసులోకి గోడ మీదుగానో వెనక్కి నడుస్తూనో వచ్చాడు. అతను చూసిందల్లా బొట్టు లేకపోవడం ఒక్కటే.

ముందురోజు సాయంత్రం ఆమె గడపలో కూర్చున్నాను.

"అక్కా, కొలతకి బొట్టు పెట్టుకుని, గాజులేసుకుని రావాలంట. కొత్త రూలు."

ఆమె చేతిలో ఏమీ లేకపోయినా వేళ్ళు మిరపకాయ తొడిమ తీస్తున్నట్టు కదులుతున్నాయి.

"ఎవరు పెట్టారే ఆ రూలు?"

"సర్కారు."

"తీసేసేటప్పుడు సర్కారు రాలేదు. మా పెద్దత్త వచ్చింది, రాయి పుచ్చుకుని." నుదురు తడుముకుని, "పెట్టుకోకపోతే కన్ను తియ్యరా?" అంది.

"తియ్యరక్కా."

"రూలు నీకు లేదా?"

"నా కన్ను బాగానే ఉందిగా."

మర్నాడు పొద్దున పక్కింటి కోడలు హైమను పిలిచాను. సంగతి విని, "మా అత్త చూస్తే నన్ను చంపుద్ది పిన్నీ," అంటూనే తన చేతిగాజులు నాలుగు తీసి తొడిగింది. కుంకుమ తీసి ఆదెమ్మక్క నుదుటి మీద పెట్టింది. ఇంత బొట్టు పెట్టింది, దూరానికి కూడా కనపడాలని. తన జడలో పూలు సగం తుంచి ముడిలో పెట్టింది. ఆదెమ్మక్క చేయి ఎత్తి గాజులను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించింది.

"పగిలిపోతయ్యి, నెమ్మది," అంది తనకు తానే.

ఆఫీసు ఆవరణలో ఆమెను గీతకు ఎదురుగా నిలబెట్టి, నేను వేపచెట్టు చాటుకు పోయాను. నా నుదురు కనపడితే కొలత చెడుతుంది.

పోలయ్య కడ్డీలు పట్టుకుని తలెత్తాడు. మొహంలో కళ వచ్చింది. గబగబా నడిచాడు. పది అడుగులు దాటాడు, అయిదు దాటాడు. కడ్డీలు అలాగే తిన్నగా ఉన్నాయి. ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఎంత మంచి వేళకి ఎదురొచ్చావు! మధ్యాహ్నం జిల్లాకి పోతన్నా. నా ఉద్యోగం పర్మినెంటు చేస్తారో తీసేస్తారో ఇవాళే తేలుస్తారంట. నీలాంటి పండు ముత్తైదువ ఎదురొచ్చినాక ఇంక తిరుగుండదు. దీవించు తల్లీ."

అని కడ్డీలతో సహా వంగాడు. ఆదెమ్మక్క తడుముకుని అతని తల మీద చెయ్యి వేసింది.

"చల్లగుండు నాయనా. నీ ఉద్యోగం నీకొస్తది."

కడ్డీల కొసలు ఆమె పొట్టకు తగిలి విచ్చుకున్నాయి. గుమాస్తా నడుం పట్టుకుని వంగి కొలిచాడు. "జానెడు!"

పరాంకుశరావుగారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకున్నారు. "ఇరవై రోజుల్లో పందొమ్మిది నుంచి తొంభైకి! ద్వార సేవలో ఈమె తన యావత్ శక్తినీ సిబ్బందికి ధారపోసింది. పథకం విజయవంతమైంది. ఇక ఈమెలో ఏమీ మిగల్లేదు. పంపించేయండి."

మర్నాడు డాక్టరమ్మ కన్ను బాగుచేసింది. కత్తి పెట్టేముందు నర్సు స్పిరిటుతో మొహమంతా తుడిచింది. బొట్టు దూదిలోకి వచ్చేసింది. గాజులు తీసి పొట్లం కట్టి నాకిచ్చారు. హైమకు తిరిగి ఇచ్చేశాను.

నల్ల కళ్ళజోడు పెట్టుకుని కొన్నాళ్ళు ఇంట్లో ఉంది. డాక్టరు చెప్పిన గడువు తీరగానే, పనికి పోదాం పదమంది. పొద్దున్నే బయలుదేరాం. ఆమె చెయ్యి నేను పట్టుకోలేదు, పట్టుకోనివ్వలేదు. దారిలో కనిపించినవన్నీ పేరు పెట్టి చెబుతోంది. కోడి. నీళ్ళ ట్యాంకు. రమణయ్య కొట్టుకి కొత్త రంగు. నేను మాత్రం ఎదురుగా ఎవరొస్తారోనని చూస్తున్నాను.

ఎదురుగా ఒకతను సైకిలు దిగి గోడవైపు తిరిగాడు. ఆదెమ్మక్క మాట ఆగింది. పాలు పోసే ఆమె బిందె దింపి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. బడికి పోయే పిల్లవాడిని వాళ్ళమ్మ రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగింది.

ఆదెమ్మక్క నడుస్తూనే ఉంది. రెండు ఇళ్ళు దాటాక, నా వైపు చూడకుండా అడిగింది.

"ఎప్పుడూ మానలేదా?"

"లేదక్కా."

"కొబ్బరికాయలు?"

"కాయలు కాదక్కా."

"నాకూ అనుమానమేలే. ఆ ఆఫీసు చుట్టుపక్కల కొబ్బరిచెట్టు వాసనే లేదు." కొంచెం దూరం పోయాక, "కళ్ళు బాగుండేదానివి, నువ్వు ఇన్నాళ్ళూ ఒక్కదానివే చూశావా ఇదంతా?" అంది.

నేను సమాధానం చెప్పేలోపు వీధి మలుపులో పోలయ్య వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో రాగి కడ్డీలు. పక్క ఊరు కొలవడానికి బయలుదేరాడు. మమ్మల్ని చూశాడు. రెండు బొట్టులేని నుదుళ్ళు. ఆగాడు. చూపు పక్కకు తిప్పాడు. కడ్డీలు వాటంతట అవే బార్లా విచ్చుకున్నాయి.

ఆదెమ్మక్క నల్ల కళ్ళజోడు తీసి, మధ్యలో ఉన్న దూరాన్ని ఇటు నుంచి అటు తీరిగ్గా చూసింది.

"ఎన్నడుగులు ఉంటదే?"

"పద్దెనిమిది ఉంటది."

"అయితే తగ్గలేదన్నమాట నా శక్తి," అని నడక సాగించింది. దారి అంచున కాదు, నడిమధ్యలో. ఆమె ఒక అడుగు వేస్తే పోలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేస్తే ఇంకో అడుగు. అలా రమణయ్య కొట్టు దాటారు, నీళ్ళ ట్యాంకు దాటారు. చివరికి పోలయ్య వీపు కాలవ కట్టకు తగిలింది. వెనక పూడిక తీయని కాలవ.

"నాయనా," అంది ఆదెమ్మక్క. "ఉద్యోగం పర్మినెంటు అయిందా?"

ఆ గొంతు విని పోలయ్య మొహంలో కళ వచ్చింది. "అయింది పెద్దమ్మా! నీ దీవెన..." అంటూ తలెత్తాడు. నుదుటి మీద చూపు ఆగింది. నోరు తెరుచుకునే ఉంది.

ఆమె అతని ముందుకు వచ్చి నిలబడింది. బుగ్గ గిల్లేంత దగ్గరకు.

"ఆ రోజు దీవించింది నేనే. పలించింది గదా?"

"పలించిందమ్మా."

"అయితే ఇప్పుడు సరిగ్గా చూసి చెప్పు. నా వయసెంత?"

పోలయ్య కడ్డీల వంక చూశాడు. వాటిని సంచీలో పెట్టాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. ముడతలు, కొత్తగా కడిగినట్టున్న కుడి కన్ను, తెల్లటి ఎడమ కన్ను, పచ్చబొట్టు పొడిచిన గడ్డం, అన్నీ చూశాడు. పది ఇళ్ళ అరుగుల మీద నుంచి జనం అతన్ని చూస్తున్నారు.

"మా అమ్మ ఈడు ఉంటయ్యి నీకు," అన్నాడు నెమ్మదిగా. "డెబ్బై ఒకటో, రెండో."

"రెండు," అంది ఆదెమ్మక్క. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "పదవే మస్తానమ్మా, మేస్త్రీ గొణుగుతా ఉంటాడు. ఇవాళ నా బుట్టలో చెయ్యి పెట్టబాక."